వకీలు గదికి తలుపు ఎందుకు?

పాఠం 9

9.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• న్యాయవాదికి చెప్పిన మాటకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటో చెప్పగలుగుతారు.
• ఢిల్లీ నగరంలో న్యాయవాదులు పనిచేసే నాలుగు రకాల చోట్లను పోల్చగలుగుతారు.
• గోడ, గాజు, తలుపు మాట చప్పుడును ఎంతవరకు ఆపుతాయో సుమారుగా లెక్కవేయగలుగుతారు.
• న్యాయవాదిని కలిసినప్పుడు మీ మాట బయటకు పొక్కకుండా ఏమి అడగాలో తెలుసుకుంటారు.

9.2 ఉపోద్ఘాతం

ఒంట్లో బాగులేకపోతే వైద్యుని దగ్గరకు వెళతాం. వైద్యుడు మనల్ని తెర చాటుకు తీసుకువెళ్ళి పరీక్షిస్తాడు. పదిమంది చూస్తుండగా ఒంటి మీద గాయం చూపించమంటే మనకు సిగ్గు వేస్తుంది. అందుకే ఆ తెర. మరి బతుకులో చిక్కు వచ్చి వకీలు దగ్గరకు వెళ్ళినప్పుడు మన మాటకు తెర ఉంటోందా? ఈ పాఠంలో మనం ఆలోచించబోయేది ఈ విషయమే.

ఒక సంగతి ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా నుంచి భవన నిర్మాణ పనికి ఢిల్లీ వెళ్ళిన ఒక స్త్రీకి మేస్త్రీ రెండు నెలల కూలి ఎగ్గొట్టాడు. ఆమెకు హిందీ రాదు. హిందీ తెలిసిన పొరుగింటి అక్కను వెంటబెట్టుకొని కోర్టు ఆవరణలో ఒక వకీలును కలిసింది. ఆయన చెట్టు కింద బల్ల వేసుకొని కూర్చున్నాడు. చుట్టూ మరో పది బల్లలు, టీ కొట్టు, వచ్చేపోయే జనం. "ఏవైనా కాగితాల మీద వేలిముద్ర వేశావా?" అని వకీలు అడిగాడు. అక్క ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది. ఆమె తల వంచుకొని మెల్లగా, "ఏటి సెప్పనప్పా, మేస్త్రీ మనిషి అక్కడే ఉన్నాడు" అంది. వకీలుతో మాత్రం "లేదు" అని చెప్పించింది.

నిజానికి ఆమె 500 రూపాయల అడ్వాన్సు తీసుకున్నప్పుడు ఒక తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసింది. కొన్ని నెలల తరువాత ఆ కాగితం మీద "కూలి మొత్తం ముట్టింది" అనే రాత చేరి విచారణలోకి వచ్చింది. వకీలు తెల్లబోయాడు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఆయన దానికి తగిన జవాబు సిద్ధం చేసుకొని ఉండేవాడు.

ఇక్కడ వకీలు చెడ్డవాడు కాదు. ఆమె అబద్ధాలకోరు కాదు. ఆ చోటులో లోపం ఉంది. ఆమెకు అవసరమైనది ఒక గోడ, మూసుకొనే ఒక తలుపు.

9.3 మాటకు చట్టం కట్టిన గోడ

కక్షిదారు తన న్యాయవాదికి చెప్పిన మాటలను న్యాయవాది బయటపెట్టరాదు. మన దేశంలో ఈ నియమం కొత్తది కాదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టంలోని 126వ సెక్షన్ దీనిని చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం, 2023 అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఈ నియమం దానిలోని 132వ సెక్షన్‌లో ఉంది. దీనిలోని ముఖ్య విషయాలు ఇవి:

(అ) న్యాయవాదిగా పనిచేస్తున్న సమయంలో, ఆ పని నిమిత్తం కక్షిదారు చెప్పిన సంగతిని, చూపిన పత్రంలోని విషయాన్ని, తాను ఇచ్చిన సలహాను న్యాయవాది వెల్లడించరాదు.

(ఆ) కక్షిదారు స్పష్టంగా ఒప్పుకుంటే వెల్లడించవచ్చు. అంటే ఈ రక్షణ కక్షిదారుది. వకీలు సొంత సొత్తు కాదు.

(ఇ) కేసు ముగిసినా, వకీలును మార్చినా ఈ బాధ్యత తీరిపోదు.

(ఈ) న్యాయవాది దగ్గర పనిచేసే దుబాసీలకు, గుమాస్తాలకు, ఉద్యోగులకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

ఈ నియమానికి హద్దులు కూడా ఉన్నాయి. "నేను దొంగ దస్తావేజు సృష్టించాను, నా తరఫున వాదించండి" అని చెప్పిన మాటకు రక్షణ ఉంది. "ఈ దొంగ దస్తావేజుతో ఫలానా భూమి నాకు ఇప్పించండి" అంటే రక్షణ లేదు. మొదటిది జరిగిపోయిన తప్పుకు సహాయం కోరడం. రెండవది జరగబోయే తప్పుకు వకీలును పనిముట్టుగా వాడుకోవడం. అలాగే తాను కేసు చేపట్టిన తరువాత నేరంగాని మోసంగాని జరిగినట్లు న్యాయవాది గమనిస్తే, ఆ సంగతికీ రక్షణ ఉండదు.

ఇటీవల ఈ నియమం మళ్ళీ చర్చకు వచ్చింది. దర్యాప్తు సంస్థలు కొందరు న్యాయవాదులకు సమన్లు పంపడంతో సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టి, 2025 అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. చట్టంలోని మినహాయింపులు వర్తిస్తే తప్ప, కేసు వివరాలు రాబట్టడానికి ముద్దాయి తరఫు న్యాయవాదిని పిలవరాదని చెప్పింది. న్యాయవాది కంప్యూటరు, ఫోను వంటివాటిని తెప్పించవలసి వస్తే వాటిని కోర్టు ముందే ఉంచాలని, ఇతర కక్షిదారుల రహస్యాలకు భంగం కలగరాదని కూడా చెప్పింది.

ఇప్పుడు పైన ఉన్న (ఈ) అంశాన్ని మరొకసారి చదవండి. నియమం ఎవరెవరిని కట్టివేస్తోంది? న్యాయవాదిని, దుబాసీని, గుమాస్తాను, ఉద్యోగులను. పక్క బల్ల దగ్గర కూర్చున్న అపరిచితుడు ఆ జాబితాలో లేడు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మేస్త్రీ మనిషి కూడా లేడు. వాళ్ళు విన్నది విన్నట్టే. చట్టం కట్టిన గోడ వకీలు నోటిని మూయగలదు. ఇతరుల చెవులను మూయలేదు. ఆ పని ఇటుకలతో, చెక్కతో కట్టిన గోడ చేయాలి.

పాఠంలోని ప్రశ్నలు – 1

ఖాళీలను పూరించండి.
1. భారతీయ సాక్ష్య అధినియంలో న్యాయవాది గోపనీయతను చెప్పే సెక్షన్ ________.
2. ఈ రక్షణను వదులుకొనే అధికారం ________ కు ఉంది.
3. కేసు ముగిసిన తరువాత ఈ బాధ్యత ________ (తీరిపోతుంది / తీరిపోదు).

9.4 ఢిల్లీలో వకీళ్ళు కూర్చునే చోట్లు

ఢిల్లీలో సుప్రీంకోర్టు, హైకోర్టు, అనేక జిల్లా కోర్టులు ఉన్నాయి. న్యాయవాదులు వేల సంఖ్యలో ఉన్నారు. వారు పనిచేసే చోట్లను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

(అ) ఆవరణలో బల్ల: పాత ఢిల్లీ దగ్గర తీస్ హజారీ కోర్టు భవనం 1958 నుంచి ఉంది. 'తీస్ హజారీ' అంటే ముప్పై వేలు అని అర్థం. ఇటువంటి పెద్ద కోర్టుల ఆవరణలో రేకుల కింద, వరండాలలో, చెట్ల నీడన బల్లలు వేసుకొని కూర్చునే వకీళ్ళు కనిపిస్తారు. టైపు చేసేవారు, స్టాంపులు అమ్మేవారు, నోటరీలు పక్కపక్కనే ఉంటారు. కక్షిదారుకు ఖర్చు తక్కువ, వకీలును వెతుక్కోవడం సులభం. కాని మాటకు చాటు లేదు.

(ఆ) చాంబరు: కోర్టు ఆవరణలోనే న్యాయవాదులకు కేటాయించే చిన్న గదిని చాంబరు అంటారు. ఒకే చాంబరును ఇద్దరు ముగ్గురు పంచుకోవడం సాధారణం. వారి జూనియర్లు, గుమాస్తాలు కూడా అక్కడే కూర్చుంటారు. ఢిల్లీలో గుమాస్తాను 'మున్షీ' అంటారు. ఇక్కడ తలుపు ఉంది. కాని తలుపు లోపల కూడా మీ కేసుతో సంబంధం లేనివారు ఉండవచ్చు.

(ఇ) ఇంటి కార్యాలయం: సుప్రీంకోర్టుకు, హైకోర్టుకు దగ్గరలో ఉన్న నిజాముద్దీన్, జంగ్‌పురా, డిఫెన్స్ కాలనీ వంటి పేటలలో చాలామంది న్యాయవాదులు ఇంటిలోనే ఒక భాగాన్ని కార్యాలయంగా మార్చుకున్నారు. 2007లో అమలులోకి వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లాన్, వకీళ్ళు, వైద్యులు వంటి వృత్తులవారు తాము నివసించే ఇంటిలో కొంత భాగాన్ని వృత్తికి వాడుకోవడానికి పరిమితులతో అనుమతి ఇచ్చింది. గట్టి ఇటుక గోడలు, విడి గదులు ఉండటం వల్ల మాటకు ఇది మంచి చోటు.

(ఈ) పెద్ద సంస్థ: వందల మంది న్యాయవాదులు ఒకే కప్పు కింద పనిచేసే సంస్థలు ఇవి. 1956 నాటి కంపెనీల చట్టం ఇటువంటి భాగస్వామ్య సంస్థలో 20 మందికి మించి భాగస్వాములు ఉండకుండా హద్దు పెట్టింది. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక కంపెనీల ఒప్పందాల పని బాగా పెరిగింది. 2008లో వచ్చిన పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం భాగస్వాముల సంఖ్యకు పై హద్దు పెట్టలేదు. సంస్థలు పెరిగాయి. ఉదాహరణకు 1917లో ముంబయిలో పుట్టిన అమర్‌చంద్ మంగళ్‌దాస్ సంస్థ 2015లో రెండుగా విడిపోయింది. అందులో ఒకటైన శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ ఢిల్లీలోని ఓఖ్లా పారిశ్రామిక వాడలో పెద్ద కార్యాలయం నడుపుతోంది. గురుగ్రామ్, నోయిడాలలో కూడా ఇటువంటి కార్యాలయాలు ఉన్నాయి.

ఈ నాలుగవ రకంలో గోడల సమస్య వేరు రూపంలో వస్తుంది. దానిని అర్థం చేసుకోవాలంటే ముందు గోడ చప్పుడును ఎలా ఆపుతుందో తెలుసుకోవాలి.

9.5 గోడ చప్పుడును ఎలా ఆపుతుంది?

మనం మాట్లాడినప్పుడు గాలిలో అలలు పుడతాయి. అవి చెవిని తాకితే మాట వినబడుతుంది. చప్పుడు ఎంత ఉందో డెసిబెల్ అనే కొలతతో చెబుతారు. మామూలుగా మాట్లాడుకొనే మాట ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా 30 – 35 డెసిబెల్స్ చప్పుడు ఉంటుంది. డెసిబెల్ లెక్కలో ఒక విశేషం ఉంది. 10 డెసిబెల్స్ తగ్గితే చప్పుడు శక్తి పదో వంతు అవుతుంది. 20 తగ్గితే నూరో వంతు అవుతుంది.

ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 60 ఉంటే, 2 మీటర్ల దగ్గర 54, 4 మీటర్ల దగ్గర 48. అంటే చెట్టు కింద బల్ల దగ్గర చెప్పిన మాట నాలుగు మీటర్ల అవతల టీ తాగుతున్న మనిషికి, చుట్టూ రద్దీ లేకపోతే, స్పష్టంగా అందుతుంది.

ఇప్పుడు అడ్డుగా గోడ పెడదాం. గోడ ఎంత బరువుగా ఉంటే అంత బాగా చప్పుడును ఆపుతుంది. రెండు వైపులా గచ్చు పూసిన సగం ఇటుక గోడ (సుమారు 115 మిల్లీమీటర్లు) 45 డెసిబెల్స్ వరకు ఆపుతుంది. 6 మిల్లీమీటర్ల ఒంటి గాజు పలక 30 డెసిబెల్స్ వరకు ఆపుతుంది. సుమారు లెక్క ఇలా వేయవచ్చు:

ఇటుక గోడ అవతల: 60 – 45 = 15. గదిలో సహజంగా ఉండే చప్పుడు కన్న ఇది తక్కువ. మాట వినబడదు.
గాజు గోడ అవతల: 60 – 30 = 30. నిశ్శబ్దంగా ఉన్న చోట చెవి ఒగ్గితే కొంత అందుతుంది. గొంతు పెంచితే బాగా అందుతుంది.

ఇక తలుపు సంగతి చూడండి. తలుపు ఎత్తు 210 సెంటీమీటర్లు, వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం 210 × 90 = 18,900 చదరపు సెంటీమీటర్లు. తలుపు కింద 2 సెంటీమీటర్ల సందు ఉంటే, ఆ సందు వైశాల్యం 2 × 90 = 180 చదరపు సెంటీమీటర్లు. ఇది తలుపులో సుమారు నూరో వంతు. నూరో వంతు చప్పుడు అడ్డు లేకుండా బయటకు పోతుంది. అంటే తలుపును ఎంత మందమైన టేకుతో చేయించినా, ఆ సందు ఉన్నంతకాలం అది 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. 60 – 20 = 40. బయట బల్ల మీద కూర్చున్నవారికి మాట అందుతుంది. తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగించి ఆ సందు మూస్తే ఎంత లాభమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కార్యాలయాలలో ఇటువంటి దొంగదారి మరొకటి ఉంది. గదుల మధ్య గోడను అసలు కప్పు దాకా కట్టకుండా ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆపివేస్తారు. మాట గోడను దాటనక్కరలేదు. పైకి ఎక్కి సీలింగ్ వెనుక ఉన్న ఖాళీ గుండా పక్క గదిలోకి దిగుతుంది.

నేల మీద తివాచీ పరిస్తే మాట బయటకు పోదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. తివాచీ, తెరలు గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. గోడ చేసే పనిని అవి చేయలేవు. ఢిల్లీ వేసవిలో కూలరు తిరుగుతూ ఉంటే దాని మోతలో మాట కలిసిపోతుంది, నిజమే. కాని ఆ మోతను దాటడానికి మనం కూడా గొంతు పెంచుతాం. అప్పుడు లాభం పోతుంది.

చేసి చూడండి

మీ ఇంట్లో ఒకరిని గదిలో కూర్చోబెట్టి మామూలు గొంతుతో పత్రిక చదవమనండి. తలుపు మూసి బయట నిలబడండి. ఎన్ని మాటలు అర్థమయ్యాయో లెక్కపెట్టండి. తరువాత తలుపు కింద సందులో తడి తువ్వాలు గట్టిగా కూరి మళ్ళీ వినండి. తేడాను మీ నోటుపుస్తకంలో రాయండి.

పాఠంలోని ప్రశ్నలు – 2

4. ఆరుబయట ఒక మీటరు దగ్గర 60 డెసిబెల్స్ ఉన్న మాట 8 మీటర్ల దగ్గర ఎంత ఉంటుంది?
5. ఇటుక గోడ, ఒంటి గాజు – వీటిలో ఏది మాటను ఎక్కువగా ఆపుతుంది? ఎందుకు?

9.6 గాజు గదులు, బారు బల్లలు

పూర్వం కార్యాలయం అంటే వరుసగా గదులు. గోడలు తీసివేసి అందరినీ ఒకే పెద్ద హాలులో కూర్చోబెట్టే పద్ధతి జర్మనీలో 1950ల చివరలో ఒక ఉద్యమంగా మొదలైంది. అడ్డుగోడలు లేకపోతే మనుషులు కలిసి మాట్లాడుకుంటారని, పని వేగంగా సాగుతుందని దాని ఉద్దేశం. అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ అనే రూపకర్త హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచరు సంస్థ కోసం కదిలించగల అడ్డుపలకలతో ఒక ఏర్పాటు తయారుచేశాడు. అది 1968లో అమ్మకానికి వచ్చింది. మనం ఇప్పుడు ఆఫీసులలో చూసే 'క్యూబికల్స్' దాని నుంచే పుట్టాయి.

పెద్ద నగరాలలో అద్దెలు ఎక్కువ. ప్రతివారికి గది ఇవ్వాలంటే చాలా స్థలం కావాలి. బారు బల్లలు వేస్తే అదే స్థలంలో ఎక్కువమంది పడతారు. గాజు గోడలు పెడితే వెలుతురు లోపలి దాకా వస్తుంది, చూడటానికి బాగుంటుంది. ఈ కారణాల వల్ల న్యాయవాదుల సంస్థలు కూడా ఈ దారి పట్టాయి. పెద్ద భాగస్వాములకు కిటికీల పక్కన గాజు గదులు, చిన్న న్యాయవాదులకు హాలులో బల్లలు – ఇది తరచు కనిపించే ఏర్పాటు.

గోడలు తీస్తే మనుషులు నిజంగా ఎక్కువగా మాట్లాడుకుంటారా? ఈ ప్రశ్నకు ఈథన్ బెర్న్‌స్టైన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం జవాబు చెప్పింది. రెండు పెద్ద కంపెనీలు గోడలు తీసివేసి హాలులోకి మారినప్పుడు వారు ఉద్యోగులను గమనించారు. ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి. కంప్యూటరు ద్వారా పంపుకొనే సందేశాలు పెరిగాయి. అందరూ వింటారన్న ఎరుక మనిషి నోటిని కట్టివేస్తుందని దీని నుంచి మనం గ్రహించవచ్చు. చెట్టు కింద కూర్చున్న ఆ శ్రీకాకుళం స్త్రీకి జరిగినది కూడా ఇదే కదా!

న్యాయవాదుల సంస్థకు మరో చిక్కు ఉంది. ఒకే సంస్థలో వేరువేరు బృందాలు వేరువేరు కక్షిదారుల పని చేస్తాయి. ఒకరి పని మరొకరికి తెలియరాని సందర్భాలు వస్తాయి. అప్పుడు సంస్థ ఆ రెండు బృందాల మధ్య అడ్డుకట్ట వేస్తుంది. దీనిని వాడుకలో 'చైనా గోడ' అంటారు. ఒక బృందం కాగితాలు మరో బృందానికి అందవు. కంప్యూటరులో కూడా తాళాలు ఉంటాయి. కాని రెండు బృందాలు ఒకే హాలులో పక్కపక్క బల్లల దగ్గర ఫోనులో మాట్లాడుతుంటే ఆ గోడ ఎంతవరకు నిలుస్తుంది? ఈ కారణం చేత మంచి ఏర్పాటు ఉన్న సంస్థలు హాలుకు తోడుగా తలుపు మూసుకొని ఫోను మాట్లాడే చిన్న గదులను, కప్పు దాకా గోడలున్న సమావేశ గదులను కట్టించుకుంటాయి.

9.7 కంటికి కూడా అడ్డు కావాలి

రహస్యం చెవి ద్వారానే కాదు, కంటి ద్వారా కూడా పోతుంది. కింది వాటిని గమనించండి.

• వేచి ఉండే గది: భార్యాభర్తల తగాదా కేసులో భార్య వకీలు దగ్గరకు వచ్చిందన్న సంగతే ఒక రహస్యం కావచ్చు. గాజు గోడ గుండా వీధిలోకి కనిపించే చోట ఆమెను కూర్చోబెట్టకూడదు.
• సమావేశ గది: పెద్ద కార్యాలయాలలో దీనిని ముఖద్వారం దగ్గరే ఉంచుతారు. కక్షిదారు లోపలి హాలులోకి వెళ్ళనక్కరలేదు. ఇతరుల ఫైళ్ళు అతని కంట పడవు.
• గాజు గోడ: కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో మసక కాగితం అంటిస్తే వెలుతురు వస్తుంది, ముఖం కనిపించదు. అయితే మసక కాగితం చప్పుడును ఆపదు.
• ఫైళ్ళు, కంప్యూటరు తెర: ఫైలు అట్ట మీద పేర్లు పెద్ద అక్షరాలతో రాసి బల్ల మీద పరిస్తే వచ్చినవారందరూ చదువుతారు. కంప్యూటరు తెరను తలుపు వైపు తిప్పి ఉంచితే కూడా అంతే.

చూశారు కదా! వీటిలో చాలావాటికి డబ్బు ఖర్చు లేదు. శ్రద్ధ ఉంటే చాలు.

9.8 ఒక తెలుగు న్యాయమూర్తి మాట

ఏకాంతం గొప్పవారి విలాసమా, అందరి హక్కా? ఢిల్లీలోని సుప్రీంకోర్టులో ఈ ప్రశ్న మీద ఒక తెలుగువాని పేరు నిలిచిపోయింది. ఆయన కోకా సుబ్బారావు. 1902లో రాజమండ్రిలో పుట్టారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలిపెట్టారు. ఆ తరువాత కూడా పోలీసులు అతని మీద నిఘా పెట్టారు. రాత్రివేళ తలుపు తట్టి లేపేవారు. అతను సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం తప్పని న్యాయమూర్తులందరూ అన్నారు. కాని ఏకాంతం రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. జస్టిస్ సుబ్బారావు తన తరఫున, జస్టిస్ జె.సి. షా తరఫున వేరుగా తీర్పు రాశారు. ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, ఎవరో కనిపెట్టి చూస్తున్నారన్న నీడలో బతికే మనిషికి సంకెళ్ళు లేకపోయినా నిజమైన స్వేచ్ఛ లేదని ఆయన భావం.

ఆనాడు అది తక్కువమంది మాట. 55 ఏళ్ళ తరువాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యతను కాదన్న భాగాన్ని కొట్టివేశారు. సుబ్బారావు గారి మాట నిలిచింది.

ఆ కేసు ప్రభుత్వపు నిఘా గురించినది. వకీలు గది గురించినది కాదు. అయినా మన పాఠానికి అందులో ఒక మూలసూత్రం ఉంది. ఎవరో చూస్తున్నారని, వింటున్నారని తెలిసిన చోట మనిషి తనలో తాను ముడుచుకుపోతాడు. ముడుచుకుపోయిన మనిషి తన కష్టాన్ని పూర్తిగా చెప్పలేడు. పూర్తిగా చెప్పలేనివానికి న్యాయం పూర్తిగా అందదు.

9.9 మీరు వకీలు దగ్గరకు వెళ్ళినప్పుడు

పెద్ద కంపెనీ అధిపతికి గాజు గది, మెత్తని కుర్చీ దొరుకుతాయి. మీకు చెట్టు కింద బల్లే దొరకవచ్చు. అయినా చట్టం ఇద్దరి మాటకు ఇచ్చే రక్షణ ఒక్కటే. దానిని నిలబెట్టుకోవడానికి మీరు ఇలా చేయవచ్చు:

1. "అయ్యా, కొంచెం చాటుగా మాట్లాడుకుందామా?" అని అడగండి. ఇలా అడగడం అమర్యాద కాదు. చాంబరు ఖాళీగా ఉన్న వేళను, సాయంత్రం ఇంటి కార్యాలయాన్ని వకీలు సూచించవచ్చు.
2. గదిలో ఉన్న మిగిలినవారు ఎవరో అడగండి. గుమాస్తా, జూనియరు అయితే వారు కూడా నియమానికి కట్టుబడినవారే. వేరే కక్షిదారు అయితే అతను వెళ్ళేదాకా ఆగండి.
3. భాష రాకపోతే మాట చెప్పడానికి మీరు నమ్మే మనిషిని తీసుకువెళ్ళండి. ఎదుటి పక్షంతో సంబంధం ఉన్నవారిని తీసుకువెళ్ళకండి.
4. బస్సులో, మెట్రో రైలులో కూర్చొని ఫోనులో కేసు సంగతులు మాట్లాడకండి. అక్కడ గోడ ఏదీ లేదు.
5. చాటు దొరకనప్పుడు సున్నితమైన సంగతిని కాగితం మీద రాసి ఇవ్వండి. రాయలేకపోతే "ఒక సంగతి విడిగా చెప్పాలి" అని మాత్రం తప్పక చెప్పండి. దాచి ఉంచకండి.
6. వకీలును పెట్టుకొనే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం లభిస్తుంది. ఫోను నంబరు 15100.

ఆ శ్రీకాకుళం స్త్రీ దగ్గరకు మళ్ళీ వెళదాం. "ఒక సంగతి విడిగా చెప్పాలి" అన్న మాటను ఆమె ఆ అక్క చేత చెప్పించి ఉంటే ఏమి జరిగేది? వకీలు లేచి ఇరవై అడుగులు పక్కకు నడిచేవాడు, లేదా మరునాడు చాంబరుకు రమ్మనేవాడు. తెల్ల కాగితం సంగతి ఆరోజే తెలిసేది.

9.10 సారాంశం

న్యాయవాదికి చెప్పిన మాటను చట్టం కాపాడుతుంది. ఆ రక్షణ కక్షిదారుది. అయితే చాటుగా విన్న ఇతరులను ఆ నియమం కట్టివేయదు. అందువల్ల గోడ, తలుపు న్యాయవాది పనిలో భాగాలు. బరువైన గోడ చప్పుడును ఎక్కువగా ఆపుతుంది. తలుపు కింద చిన్న సందు కూడా ఆ ఫలితాన్ని చెడగొడుతుంది. బారు బల్లల హాలు, గాజు గదులు స్థలాన్ని పొదుపు చేసినా మాటను కాపాడటానికి ప్రత్యేక ఏర్పాట్లు కోరతాయి. గోప్యత 2017 నుంచి ప్రాథమిక హక్కుగా గుర్తింపు పొందింది. చాటు కోరడం కక్షిదారు చేయదగిన పని.

9.11 పదాలు – అర్థాలు

కక్షిదారు: వకీలును పెట్టుకొన్న వ్యక్తి
దుబాసీ: ఒకరి మాటను మరో భాషలో చెప్పే వ్యక్తి
గోపనీయత, గోప్యత: ఇతరులకు తెలియకుండా ఉండటం
అధినియం: చట్టం
ప్రతిధ్వని: గోడలకు తగిలి తిరిగి వినబడే చప్పుడు
నిఘా: కనిపెట్టి చూడటం

9.12 పాఠాంత ప్రశ్నలు

1. "చట్టం కట్టిన గోడ వకీలు నోటిని మూయగలదు. ఇతరుల చెవులను మూయలేదు." దీనిని మీ మాటలలో వివరించండి.
2. ఢిల్లీలో న్యాయవాదులు కూర్చునే నాలుగు రకాల చోట్లలో కక్షిదారుకు ఉన్న లాభనష్టాలను పట్టిక రూపంలో రాయండి.
3. మీ ఊరి కోర్టు ఆవరణకు ఒకసారి వెళ్ళి చూడండి. వకీళ్ళు, కక్షిదారులు ఎక్కడ మాట్లాడుకుంటున్నారు? తక్కువ ఖర్చుతో అక్కడ చేయదగిన రెండు మార్పులను సూచించండి.

9.13 పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

1. 132
2. కక్షిదారు
3. తీరిపోదు
4. 42 డెసిబెల్స్ (2 మీటర్ల దగ్గర 54, 4 మీటర్ల దగ్గర 48, 8 మీటర్ల దగ్గర 42)
5. ఇటుక గోడ. అది గాజు పలక కన్న ఎక్కువ బరువు ఉంటుంది కాబట్టి.